ఫాలౌట్ 2: అరోయో గుడి నుంచి హైవేమ్యాన్ కారు దాకా, తొలిసారి ఆడేవారికి

ఫాలౌట్ 2 అనే కంప్యూటర్ ఆటని 1998లో బ్లాక్ ఐల్ స్టూడియోస్ తయారుచేస్తే ఇంటర్‌ప్లే విడుదల చేసింది. మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లలో చాలామంది మొదటి నాలుగైదు గంటల్లోనే వదిలేస్తారు. ఆట కష్టమై కాదు. పాత్రను తప్పుగా కట్టుకుంటారు, లేదా వెళ్లకూడని దిక్కుకి తొందరపడి వెళ్తారు. ఈ రెండూ సరిచూసుకుంటే మిగతా ఆట హాయిగా సాగుతుంది. అందుకే ఇక్కడ ఆట మొత్తం చెప్పడం లేదు. చేతికి కారు వచ్చేదాకా ఏ వరసలో ఏం చేయాలో మాత్రం చెబుతాం. కారు వచ్చాక దారి మీరే వెతుక్కోగలరు.

కథ 2241 జూలై 25న మొదలవుతుంది. అణుయుద్ధం ముగిసి తరాలు గడిచాయి. అరోయో అనే పల్లెలో పంటలు ఎండిపోతున్నాయి. గెక్ అనే పరికరం తెస్తేనే ఊరు బతుకుతుంది, దాన్ని తేవాల్సింది మీరు. మ్యాపులో కనిపించే క్లామత్, మోడాక్, రెడ్డింగ్, రీనో, శాన్ ఫ్రాన్సిస్కో అన్నీ అమెరికా పడమటి వైపు నిజంగా ఉన్న పేర్లే. బే ఏరియాలో అన్నో చెల్లెలో ఉన్నవాళ్లకు ఈ శిథిలాల మధ్య తిరుగుతుంటే కాస్త వింతగానే ఉంటుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు

ఆన్‌లైన్ ఆటల దుకాణాలైన గాగ్‌లో గానీ స్టీమ్‌లో గానీ కొనండి. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో మాత్రం పెట్టకండి. అక్కడ విండోస్ రాతకు అడ్డుపడటంతో సేవ్‌లు సరిగా పడవు. డి డ్రైవ్‌లో గేమ్స్ అని ఒక ఫోల్డర్ చేసి అందులో పెడితే చాలు.

తర్వాత అనధికారిక ప్యాచ్, అంటే అభిమానులు చేసిన దిద్దుబాటు ఫైలు వేయండి. అసలు ఆటలో వందలకొద్దీ తప్పులున్నాయి. కారు డిక్కీ కారును వదిలేసి మీ వెంట ఊరూరా రావడం వాటిలో పేరుమోసింది. ఈ ప్యాచ్‌లతో ఎస్‌ఫాల్ అనే ఇంజిన్ సవరణ కూడా వస్తుంది. ఇప్పటి కంప్యూటర్ల మీద ప్రపంచ మ్యాపులో మీ గుర్తు రాకెట్‌లా దూసుకుపోకుండా ఆపేది ఇదే. హై రిజల్యూషన్ ప్యాచ్ ఉంటే దాని సెట్టింగుల్లో వెడల్పు, ఎత్తు మీ స్క్రీన్‌కి తగ్గట్టు ఇవ్వండి. పూర్తి 1920కి 1080 ఇస్తే మనుషులు చీమల్లా కనిపిస్తారు. రెండింతలు పెద్దది చేసే ఐచ్ఛికం పెట్టుకోవడం మేలు.

రెస్టొరేషన్ ప్రాజెక్ట్ అని ఇంకొకటి ఉంది. తయారీదారులు మధ్యలో వదిలేసిన ఊళ్లనూ పనులనూ అది తిరిగి చేర్చింది. మొదటిసారికి అది వద్దనే మా మాట. చేర్చిన చోట్లలో కొన్ని సాగదీసినట్టుంటాయి, అసలు ఆట బిగువు చెడుతుంది. రెండోసారి ఆడేటప్పుడు వేసుకోండి. ఏది వేసినా ఆట మొదలుపెట్టకముందే వేయాలి. సగంలో వేస్తే పాత సేవ్‌లు పనికిరావు.

మ్యాక్, లైనక్స్, ఆండ్రాయిడ్ ఉన్నవాళ్లు ఫాలౌట్ 2 కమ్యూనిటీ ఎడిషన్ వాడుకోవచ్చు. కొన్న ఆటలోని మాస్టర్, క్రిట్టర్ అనే రెండు డాట్ (.dat) ఫైళ్లు, ప్యాచ్ ఫైలు, డేటా ఫోల్డర్ దాని పక్కన పెట్టాలి. ఫైలు పేర్లలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా ఉన్నా ఆట తెరుచుకోదు. ఆట నడుస్తూ సంగీతం మాత్రం రాకపోతే, కాన్ఫిగ్ ఫైలులో సంగీతం ఫోల్డర్ దారి తప్పుగా ఉందన్నమాట.

పాత్రను కట్టుకోవడం

నార్గ్, మింగన్, చిట్సా అని ముగ్గురిని సిద్ధంగా ఇస్తారు. ముగ్గురినీ పక్కన పెట్టేయండి. సొంతంగా కట్టుకోండి.

ఏడు గుణాలు ఉంటాయి. ఒక్కోటీ 5 నుంచి మొదలవుతుంది, పంచుకోవడానికి ఇంకో 5 పాయింట్లు ఇస్తారు. ఇవి కాక మొదట్లోనే ఎంచుకునే లక్షణాల్లో (ట్రెయిట్స్) గిఫ్టెడ్ తీసుకుంటే ఏడింటికీ ఒక్కో పాయింటు కలుస్తుంది. దానికి బదులు ప్రతి నైపుణ్యంలో 10 శాతం, ప్రతి లెవెల్‌కి 5 నైపుణ్య పాయింట్లు తగ్గుతాయి. తగ్గినా లాభమే, ఎందుకంటే నైపుణ్యాలు తర్వాత పెంచుకోవచ్చు, గుణాలు పెంచుకునే అవకాశాలు చాలా తక్కువ.

తుపాకీతో ఆడాలనుకునేవారికి ఈ లెక్క బాగా కుదురుతుంది: స్ట్రెంగ్త్ 6, పర్సెప్షన్ 8, ఎండ్యూరెన్స్ 4, కరిష్మా 4, ఇంటెలిజెన్స్ 9, అజిలిటీ 10, లక్ 6. మొత్తం 47.

ఎందుకిలా? అజిలిటీ 10 ఉంటే పోరులో ఒక్కో వంతుకి 10 యాక్షన్ పాయింట్లు (కదలడానికి, కొట్టడానికి ఖర్చయ్యేవి) వస్తాయి. 5కి అజిలిటీలో సగం కలపడమే సూత్రం కాబట్టి 9 పెట్టినా 8 పెట్టినా వచ్చేది 9 పాయింట్లే. అజిలిటీని బేసి సంఖ్య దగ్గర ఆపితే ఆ ఒక్క పాయింటూ ఇక్కడ వృథా. ఇంటెలిజెన్స్ 9 అంటే లెవెల్‌కి 5 ప్లస్ 18, అంటే 23 నైపుణ్య పాయింట్లు. గిఫ్టెడ్ కోత పోగా 18. కరిష్మాని రెండుతో భాగిస్తే ఎంతమంది తోడు వస్తారో తేలుతుంది. 4 ఉంటే ఇద్దరు, చాలు. పర్సెప్షన్ 8 ఇప్పటికి కాదు, 24వ లెవెల్‌లో స్నైపర్ అనే పెర్క్ (లెవెల్స్ ఎక్కుతుంటే దొరికే ప్రత్యేక బలం) కోసం.

ఇంటెలిజెన్స్‌ని 3కి దించి చూడాలన్న సరదా ఉంటే మరోసారికి దాచుకోండి. అప్పుడు మీ పాత్ర "అ... ఊ..." తప్ప మాట్లాడదు. ఊరి పనుల్లో చాలావాటికి తలుపులు మూసుకుపోతాయి.

ట్యాగ్ చేయాల్సిన, అంటే ముఖ్యమైనవిగా ఎంచుకోవాల్సిన మూడు నైపుణ్యాలు: స్మాల్ గన్స్, స్పీచ్, లాక్‌పిక్. ట్యాగ్ చేసినదానికి వెంటనే 20 శాతం కలుస్తుంది, ఆ తర్వాత పెట్టే ఒక్కో పాయింటుకి 2 శాతం పెరుగుతుంది. పై లెక్కతో స్మాల్ గన్స్ 55 దగ్గర మొదలవుతుంది. అన్‌ఆర్మ్‌డ్ (ఉత్తచేతుల పోరు) ట్యాగ్ చేయకుండానే 52 ఉంటుంది. మొదటి గుడిలో తుపాకీ ఉండదని భయపడి మెలీనో (ఈటె, కత్తిలాంటి వాటితో పోరు) అన్‌ఆర్మ్‌డ్‌నో ట్యాగ్ చేస్తుంటారు. అరగంట గుడి కోసం ఆట పొడుగునా పనికొచ్చే ట్యాగ్ పోగొట్టుకున్నట్టే.

ఫస్ట్ ఎయిడ్, రిపేర్, సైన్స్, అవుట్‌డోర్స్‌మ్యాన్ మీద మొదట్లో పాయింట్లు పెట్టకండి. వీటికి పుస్తకాలు దొరుకుతాయి. నైపుణ్యం ఎంత తక్కువ ఉంటే పుస్తకం అంత ఎక్కువ పెంచుతుంది, 90 దాటాక పెంచడం మానేస్తుంది. మీ పాయింట్లు ముందు స్మాల్ గన్స్‌ని 100కి, తర్వాత స్పీచ్‌ని 80 పైకి చేర్చడానికే.

మౌస్, కీబోర్డు

కుడి బటన్ నొక్కితే నడక గుర్తు, పని గుర్తు మారుతుంటాయి. పని గుర్తుతో దేనిమీదైనా ఎడమ బటన్ నొక్కిపట్టుకుంటే చిన్న మెనూ తెరుచుకుంటుంది. ఎఫ్6 తొందర సేవ్, ఎఫ్7 తొందర లోడ్. సేవ్‌కి 10 గదులున్నాయి. ఒక్కదాన్నే వాడితే ఎప్పుడో ఒకప్పుడు ఇరుక్కుంటారు. ఊళ్లోకి అడుగుపెట్టే ముందు ఒకటి, పోరు ముందు ఒకటి వేరువేరుగా పెట్టుకోండి. పోరు మధ్యలో సేవ్ చేయకపోవడమే మంచిది.

పరీక్షల గుడి

ఆటలో అందరూ తిట్టుకునే చోటు ఇదే. చేతిలో ఈటె, ఎదురుగా పెద్ద చీమలు, తేళ్లు. వాటిని చంపితీరాలన్న రూలేమీ లేదు. చాలావాటిని పక్కనుంచి పరుగెత్తి దాటేయొచ్చు. కొట్టాల్సి వస్తే ఈటె పొడుగు మీకు లాభం. అది రెండు గడుల దూరం అందుకుంటుంది. ఒక పోటుకి 4 పాయింట్లు. ఒక్కసారి పొడిచి, మిగిలిన 6 పాయింట్లతో వెనక్కి నడవండి, గడికి ఒకటి ఖర్చవుతుంది. పురుగు తన పాయింట్లు మీ దగ్గరికి రావడానికే తగలేస్తుంది, కుట్టడానికి మిగలవు. ఒకేచోట నిలబడి రెండు పోట్లు పొడిస్తే ప్రాణం 29 నుంచి గబగబా దిగిపోతుంది.

తాళం వేసిన తలుపుకి లాక్‌పిక్ వాడండి. ఒకసారి కుదరకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నించండి. ఎంతకీ తెరుచుకోని తలుపుకి అక్కడి కుండలోనే పేలుడు పదార్థం ఉంటుంది. టైమర్ పెట్టి, తలుపు పక్కన పడేసి, దూరంగా జరగండి. టైమర్ పెట్టాక సామానులోనే ఉంచుకున్నవాళ్లు బోలెడుమంది, ఫలితం ఊహించుకోవచ్చు.

చివర్లో కామెరాన్ ఎదురవుతాడు. అతన్ని మాటలతో ఒప్పించొచ్చు, తాళంచెవి కొట్టేయొచ్చు, లేదా ఉత్త చేతులతో తలపడొచ్చు. పోరుకి ఒప్పుకుంటే సామాను పెట్టెలో పెట్టమంటాడు. గెలిచాక ఆ సామాను తీసుకోకుండా బయటికి నడవకండి.

అరోయోలో ఓ గంట

ఊరు దాటడానికి తొందరపడొద్దు. బ్రాక్ పువ్వు, జాండర్ వేరు కనబడినచోటల్లా తెంపి ఊరి వైద్యుడు హకునిన్‌కి ఇస్తే గాయాల పొడి చేసిస్తాడు. ఆ పొడి ప్రాణం పెంచుతుంది గానీ కాసేపు పర్సెప్షన్ తగ్గిస్తుంది. అందుకే తుపాకీ పోరు మధ్యలో కాకుండా పోరు అయ్యాక వాడండి. హకునిన్ తోటలోని ముళ్లమొక్కలను తీసేయండి, నాగర్ అనే అతని కుక్కను వెతికిపెట్టండి. చేతిపోరు, ఆయుధపోరు నేర్పేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, అడిగితే చాలు. చెకుముకిరాయి సంపాదిస్తే ఈటెకు పదును పెట్టించుకోవచ్చు. ఊరిపెద్ద మీకు అమ్మే. ఆమెతో మాట్లాడి వాల్ట్ 13 అనే భూగర్భ ఆశ్రయం నాటి నీళ్లసీసా, డబ్బు తీసుకోండి.

ఆ తర్వాత అప్పుడప్పుడు హకునిన్ కలలోకొచ్చి ఊరు చచ్చిపోతోందని బెదిరిస్తుంటాడు. కంగారుపడొద్దు. మొదటి ఫాలౌట్‌లో లాగా ఇక్కడ ఇన్ని రోజుల్లో నీళ్లు తేవాలన్న గడువులాంటిది లేదు. ఆటకున్న అసలు గడువు 13 ఏళ్లు.

క్లామత్

అరోయోకి తూర్పున ఉంటుంది. ఇక్కడ సంపాదించాల్సినవి మూడు: సులిక్ అనే తోడు, డబ్బు, ఒక రేడియో.

సులిక్ బక్‌నర్ హౌస్‌లో అప్పు తీర్చుకోవడానికి చాకిరీ చేస్తుంటాడు. మైడా బక్‌నర్‌కి 350 డాలర్లు కడితే మీతో వచ్చేస్తాడు. ఆట మొదటి సగంలో ఇంతకంటే మంచి కొనుగోలు లేదు. ఆ డబ్బుకి దారి స్మైలీ. విషపు గుహల్లో చిక్కుకున్న ఈ వేటగాణ్ణి బయటికి తెస్తే గెక్కోల (పెద్ద బల్లుల) తోలు ఒలవడం నేర్పుతాడు. అక్కణ్నుంచి చంపిన ప్రతి గెక్కో డబ్బే. గుహలో పచ్చటి బురద మీద అడుగేస్తే ఒళ్లు కాలుతుంది. రబ్బరు బూట్లు లేకపోతే పొడి నేల చూసుకుని నడవండి. అక్కడ ఒక లిఫ్ట్ కూడా ఉంది. ఇప్పుడు దాని జోలికి వెళ్లొద్దు. కింద కాపలా ఉన్న రోబో ఈ లెవెల్‌లో మిమ్మల్ని ఒక్క వంతులో లేపేస్తుంది. లోయలో కూలిన హెలికాప్టర్ దగ్గరి రోబో సంగతీ అంతే.

విక్ అనే వ్యాపారి ఇల్లు ఈ ఊళ్లోనే ఉంది. అందులోని రేడియో తీసుకోండి. తర్వాతి ఊళ్లో అది కావాలి.

ఇక్కడి రెండు తలల ఆవుల్ని ఆటలో బ్రామిన్ అంటారు. మన చెవికి ఎబ్బెట్టుగా ఉండే పేరే. ఫాలౌట్ 3ని 2008లో మైక్రోసాఫ్ట్ భారత్‌లో విడుదల చేయకుండా ఆపి, సాంస్కృతిక కారణాలని చెప్పినప్పుడు అందరి వేలూ ఈ పేరు వైపే చూపించింది.

డెన్

దిగగానే జాగ్రత్త. దుకాణాల గుమ్మాల దగ్గర పిల్లలు నిలబడి ఉంటారు. వాళ్ల పక్కనుంచి వెళ్తే సామానులో ఏదో ఒకటి మాయమవుతుంది. యూరప్ ప్రతుల్లో పిల్లల బొమ్మలు తీసేశారు గానీ దొంగతనం తీయలేదు. కనిపించని చేతులు జేబు కొట్టేవన్నమాట! ఊళ్లోకి వెళ్లకముందే విలువైనవన్నీ సులిక్‌కి ఇచ్చేయడమే మందు. పోయినవి టబ్బీ దుకాణంలో అమ్మకానికి కనిపించవచ్చు. కోపంతో పిల్లల మీద మాత్రం తుపాకీ ఎత్తకండి. ఆ మచ్చ ఆట చివరిదాకా పోదు, మిమ్మల్ని వేటాడేవాళ్లు దారిపొడుగునా తగులుతారు.

విక్ ఇక్కడ మెట్జ్‌గర్ అనే బానిసల వ్యాపారి దగ్గర బందీ. క్లామత్ రేడియో విక్‌కి ఇచ్చి పని జరిపిస్తే, 1000 డాలర్లకు విడిపించుకోవచ్చు. లేదా మెట్జ్‌గర్ ముఠానే తుడిచేయొచ్చు. రెండోదే చేయమంటాం, నాలుగైదు లెవెల్స్ ఎక్కాక. తుపాకులు, డబ్బు, పేరు ఒకేసారి వస్తాయి. గది మధ్యలో నిలబడి మొదలుపెట్టకండి. తలుపుకి వారగా ఉంటే ఒకేసారి ఒకరిద్దరే మిమ్మల్ని చూడగలరు. ముఠాలో చేరతావా అని మెట్జ్‌గర్ అడిగితే ఒప్పుకోవద్దు. నుదుటిమీద పచ్చబొట్టు పడుతుంది, దాన్ని చూసి మంచివాళ్లు ముఖం తిప్పుకుంటారు.

తోడున్నవాళ్లతో ఒక్క మాట. బరస్ట్ కొట్టే, అంటే ఒకేసారి బోలెడు తూటాలు చిమ్మే తుపాకీ సులిక్‌కి ఎప్పుడూ ఇవ్వకండి. ఆటలో ఎక్కువ చావులు శత్రువు చేతిలో కాదు, వెనకనుంచి సులిక్ పేల్చిన తూటాలతోనే. అతనికి పెద్ద సుత్తి ఇవ్వండి. విక్‌కి హంటింగ్ రైఫిల్ ఇవ్వండి. ఇద్దరితో మాట్లాడి పోరు సెట్టింగులు తెరిచి, బరస్ట్ విషయంలో నాకు తగలదని రూఢి అయితేనే కొట్టు అన్నట్టు మార్చండి. సందులో అడ్డంగా నిలబడితే మెనూలో నెట్టే బొమ్మ ఉంటుంది.

తుపాకీ లెక్కలు

పిస్టల్ మామూలు దెబ్బకి 5 పాయింట్లు, గురిచూసి కొడితే 6. 10 పాయింట్లతో రెండు మామూలు దెబ్బలు, లేదా ఒక గురిదెబ్బ, నాలుగడుగులు. సామాను సంచి తెరిస్తే 4 పోతాయి. ఒకసారి తెరిచాక ఎన్ని మందులైనా అదే ఖర్చులో వాడుకోవచ్చు, కాబట్టి రెండుసార్లు తెరవకండి. తూటాలు నింపడానికి 2.

గురిలో కంటికి 60, తలకి 40, చేతులకి 30, కాళ్లకి 20 శాతం తగ్గుతుంది. స్మాల్ గన్స్ 55 ఉన్నప్పుడు కంటికి గురిపెట్టడం తూటాల దండగ. 100 దాటాక, దగ్గరనుంచి, కళ్లే కొట్టండి. తగిలితే క్రిటికల్ (మామూలుకంటే తీవ్రమైన దెబ్బ) పడే అవకాశం బాగా పెరుగుతుంది, గుడ్డివాడైన శత్రువు మళ్లీ గురి పెట్టలేడు. అప్పటిదాకా మామూలు దెబ్బలే. మీదికి ఉరికొచ్చే జంతువులకి మాత్రం కాళ్లు.

పెర్క్‌లు మూడు లెవెల్స్‌కి ఒకటి. 3లో అవేర్‌నెస్, 6లో బోనస్ మూవ్, 9లో బెటర్ క్రిటికల్స్, 15లో బోనస్ రేట్ ఆఫ్ ఫైర్. చివరిది వచ్చాక గురిదెబ్బ 5కి దిగుతుంది. అంటే ఒక్క వంతులో రెండు కళ్లదెబ్బలు. 12వ లెవెల్‌లో మీ ఇష్టం.

వాల్ట్ సిటీ, గెక్కో, కారు

నీళ్లసీసా ఎక్కణ్నుంచి వచ్చిందో విక్ చెప్పే జాడ పట్టుకుని తూర్పుకి, మోడాక్ మీదుగా వాల్ట్ సిటీకి రండి. దక్షిణానికి దిగకండి. శాన్ ఫ్రాన్సిస్కో వైపు దారిలో ఎన్‌క్లేవ్ అనే శత్రుసేన గస్తీ తగిలితే పారిపోవడానికి కూడా టైం ఉండదు. నవారో స్థావరానికి మొదట్లోనే పరుగెత్తి అడ్వాన్స్‌డ్ పవర్ ఆర్మర్ తెచ్చుకోవచ్చని ఎవరైనా చెబుతారు. నిజమే, కుదురుతుంది. కానీ తర్వాత ఇరవై గంటల ఆట ఉప్పులేని పప్పు.

వాల్ట్ సిటీలో పౌరసత్వ పరీక్ష దాదాపు ఎవరూ నెగ్గలేరు, దాని మీద టైం పెట్టకండి. పక్కనున్న గెక్కో ఊరి అణు రియాక్టర్ సమస్య తీర్చడమే లోపలికి దారి. వాల్ట్ సిటీ అధినేత లినెట్ మాటలు విని గెక్కోవాళ్లను చంపొద్దు. వాల్ట్ సిటీ కౌన్సిలర్ మెక్‌క్లూర్‌తో మాట్లాడి కావాల్సిన విడిభాగం సంపాదించి, గెక్కో రియాక్టర్ దగ్గరుండే ఫెస్టస్‌కి చెప్పి బాగుచేయించండి. రియాక్టర్ వైపు వెళ్లేముందు రేడియేషన్ ఎక్కకుండా కాపాడే రాడ్-ఎక్స్ మాత్ర మింగాలి. లోపలికెళ్లాక మింగితే అప్పటికే ఎక్కినది దిగదు, దానికి రాడ్‌అవే కావాలి.

గెక్కోలోనే స్కీటర్ అనే మెకానిక్ ఉంటాడు. అతనికి సూపర్ టూల్ కిట్ ఇస్తే ఫ్యూయల్ సెల్ కంట్రోలర్ ఇస్తాడు. దాన్ని, 2000 డాలర్లను పట్టుకుని డెన్‌లో స్మిట్టీ దగ్గరికి వెళ్తే హైవేమ్యాన్ కారు మీదవుతుంది. డబ్బు చాలకపోతే మెట్జ్‌గర్ ముఠా తుపాకులు అమ్మండి. బరువైనవి ముందు అమ్మండి.

కారుకి పెట్రోలు అక్కర్లేదు. స్మాల్ ఎనర్జీ సెల్స్, మైక్రో ఫ్యూజన్ సెల్స్ దాని మీద వాడితే చార్జ్ ఎక్కుతుంది. అందుకే ఎనర్జీ ఆయుధాలు వాడకపోయినా ఆ సెల్స్ అమ్మకుండా డిక్కీలో పడేయండి.

న్యూ రీనోకి మొదటిసారి వెళ్లేముందు కొత్త గదిలో సేవ్ చేసుకోండి. అక్కడ కారు నిలిపి ఊళ్లోకి వెళ్లి వచ్చేసరికి కారు ఉండదు. అది బగ్ కాదు, కథే అంత. టీ-రే షెడ్డుకి వెళ్లి బేరమాడో బెదిరించో తెచ్చుకోవాలి. దొరికాక అక్కడే మరమ్మతులు చేయించుకుంటే అదే చార్జ్‌తో ఇంకా దూరం పోతుంది. ఆ ఊళ్లోనే న్యూ రీనో ఆర్మ్స్ దుకాణం కింద అల్జెర్నాన్ ఉంటాడు. తుపాకులకు మెరుగులు ఉచితంగా పెడతాడు, మెట్ల దగ్గర కుక్కలుంటాయి చూసుకోండి.